చర్చి ఆవరణలో సైకిల్‌కు చోటెక్కడ?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆదివారం ఆరాధన జరుగుతున్న వేళ ఏ చర్చి ఆవరణలోకి తొంగిచూసినా, బండ్లు నిలిపిన వరుసే ఆ సంఘంలో ఎవరి స్థానం ఎక్కడో సగం చెప్పేస్తుంది. వేపచెట్టు నీడలో ఒకటో రెండో కార్లు ఉంటాయి. గేటు నుంచి మెట్ల దాకా మోటారు సైకిళ్లు బారులు తీరి ఉంటాయి. ఎండ పడే ప్రహరీ వైపున, స్టాండు సరిగా నిలవక గోడకు చేరగిలబెట్టిన సైకిళ్లు నాలుగైదు కనిపిస్తాయి. వాటి మీద వచ్చినవారు ఎక్కువగా వృద్ధులు, కూలికి పోయేవారు, బడి పిల్లలు. నడిచి వచ్చినవారు, షేర్ ఆటో దిగి వచ్చినవారు ఎంతమంది ఉన్నా, నిలపడానికి వారికి బండి లేదు కనుక ఈ వరుసలో లెక్కకు రారు. సైకిల్ వాడకాన్ని, పర్యావరణానికి మేలు చేసే ప్రయాణాన్ని చర్చిలు ప్రోత్సహించాలన్న మాట ఈ మధ్య క్రైస్తవ లోకంలో గట్టిగా వినిపిస్తున్నది. ఆ మాట ఉత్తరాంధ్రకు వచ్చేసరికి మొదట ఎదుర్కోవలసిన ప్రశ్న ఈ ప్రహరీగోడ దగ్గరే ఉంది.

ఆ మాట పుట్టిన చోటు వేరు. 1989లో ఆర్థడాక్స్ క్రైస్తవుల పెద్ద, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ మొదటి దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే దినంగా ప్రకటించారు. తరువాత ఇతర శాఖల వారు కూడా అందుకోవడంతో అది అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగైన అక్టోబరు 4 వరకు సాగే సృష్టి కాలంగా స్థిరపడింది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ వెలువరించిన విశ్వలేఖ ‘లౌదాతో సీ’ భూమిని మనందరి ఉమ్మడి ఇల్లుగా చెబుతూ, ప్రజా రవాణాను వాడుకోవడం, ఒకే కారులో పలువురు కలిసి వెళ్లడం వంటి చిన్న అలవాట్లను కూడా విశ్వాస జీవితంలో భాగంగా పేర్కొన్నది. ఇంగ్లండ్ సంఘపు (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) పాలక సభ జనరల్ సినడ్ 2020 ఫిబ్రవరిలో, 2030 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలని తీర్మానించింది. ఆ లెక్కలో భవనాల విద్యుత్తు, వేడిమితో పాటు గురువులు, సిబ్బంది విధి నిర్వహణ కోసం చేసే ప్రయాణాలను చేర్చారు. విశ్వాసులు ఇంటి నుంచి గుడికి వచ్చే ప్రయాణాన్ని మాత్రం ఆ తొలి లక్ష్యంలో చేర్చలేదు. అంత బలమైన యంత్రాంగం ఉన్న సంస్థే ఆ ప్రయాణాన్ని తొలి లెక్క నుంచి పక్కన పెట్టిందన్న సంగతి గుర్తుంచుకోదగినది. అదే దేశంలో ‘ఆ రోషా’ అనే క్రైస్తవ పర్యావరణ సంస్థ 2016లో ప్రారంభించిన ఎకో చర్చ్ కార్యక్రమం ఆరాధన, భవనం, స్థలం, సమాజం, జీవన విధానం అనే ఐదు విషయాల్లో ప్రతి చర్చినీ తనను తాను పరీక్షించుకోమని అడిగి, ఫలితాన్ని బట్టి కంచు, వెండి, బంగారు గుర్తింపులు ఇస్తుంది. జర్మనీ, ఆస్ట్రియాలలో కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు కలిసి ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో కారు ఉపవాసం పాటించమని పిలుపునిస్తున్నారు. మాంసం మానినట్టే ఆ నలభై రోజులూ కారు మానాలి, లేదా తగ్గించాలి. జర్మనీలోనే సైకిల్ దారుల వెంట ఉన్న కొన్ని చర్చిలు ప్రత్యేక గుర్తు పెట్టుకుని, దారిన పోయే సైకిల్ ప్రయాణికుల కోసం తలుపులు తెరిచి ఉంచుతాయి.

ఇటలీలో కోమో సరస్సు దగ్గర కొండ మీద ఉన్న గిసాల్లో మాత ప్రార్థనా మందిరం మాటే వేరు. 1949లో పోప్ పన్నెండవ పయస్ ఆ మాతను సైకిల్ తొక్కేవారి పాలక పునీతురాలిగా ప్రకటించారు. పేరుమోసిన పోటీదారుల సైకిళ్లు, చొక్కాలు ఆ మందిరం లోపలి గోడలకే వేలాడుతుంటాయి. ఒకచోట సైకిల్ గుడి లోపలి గోడకెక్కితే, మరోచోట బయటి గోడకు ఎండలో ఆనుకుని ఉంటుంది. ఈ తేడాకు కారణం భక్తి కాదు, ఆయా సమాజాల్లో సైకిల్ ఎవరి వాహనమన్నదే.

యూరప్ చర్చిలు చేస్తున్నది కారులో కూర్చున్నవారిని కిందికి దింపే పని. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు క్రైస్తవుల చరిత్రలో కారు ఎక్కిన తరం ఇప్పుడిప్పుడే మొదలైంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు విశాఖపట్నంలో దిగారు. 1846లో సవోయ్ ప్రాంతపు ఆన్సీ నుంచి పునీత ఫ్రాన్సిస్ ద సేల్స్ సభకు చెందిన కాథలిక్ గురువులు వచ్చారు. 1870ల నుంచి కెనడా బాప్టిస్టులు చికాకోల్ అని అప్పట్లో రాసిన శ్రీకాకుళం, బొబ్బిలి మొదలైన చోట్ల కేంద్రాలు పెట్టారు. సాలూరు వైపు జర్మన్ లూథరన్లు పనిచేశారు. దొరలు ఎడ్లబండ్ల మీద గుడారాలు వేసుకుని తిరిగితే, వారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ దూరం కాలినడకన తిరిగినవారు తెలుగు సువార్తికులు, ఇంటింటికీ వెళ్లి బైబిలు బోధించిన బైబిలు స్త్రీలు. ఆ తరువాతి కాలంలో నాలుగైదు ఊళ్లకు ఒక్కరే కాపరి అయినప్పుడు పాస్టరు గారికి సైకిల్ వచ్చింది. హ్యాండిల్‌కు చేతిసంచి, క్యారియర్‌కు కట్టిన బైబిలు, పంచె చైనులో పడకుండా మడిచి కట్టుకోవడం నిన్నమొన్నటి వరకు పల్లెల్లో అందరికీ తెలిసిన దృశ్యమే. కనుక ఇక్కడ సైకిల్ అంటే విడిచి వచ్చిన గతం. ఎవరైనా వేదిక ఎక్కి సైకిల్ తొక్కమంటే, ఎంతో కష్టపడి పైకి వచ్చిన కుటుంబానికి అది మళ్లీ కిందికి దిగమన్నట్టు వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

దానికి తోడు, సంఘం లోపలే ఒక చిక్కు ఉంది. కొత్త బండి కొన్న కుటుంబం దానిని చర్చికి తెస్తే పాస్టరు గారు ప్రార్థన చేసి ప్రతిష్ఠిస్తారు. సాక్ష్యాల సమయంలో ‘దేవుడు మాకు కారు ఇచ్చాడు’ అంటే సభ ‘స్తోత్రం’ అంటుంది. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అప్పు చేసి, వాయిదాలు కట్టి సంపాదించుకున్న దానికి కృతజ్ఞత చెప్పడం మానవ సహజం. అయితే, పాత సైకిల్ బాగుచేయించుకుని మూడు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చిన మనిషికి సాక్ష్యం చెప్పే అవకాశం ఎప్పుడూ రాదు. ఏ వాహనం ఆశీర్వాదమో, ఏది లేమికి గుర్తో ప్రతి వారం చెప్పకనే చెబుతున్న సంఘం, పర్యావరణ ఆదివారం నాడు మాత్రం సైకిల్ గొప్పదని ప్రసంగిస్తే ఆ ప్రసంగానికి బరువు ఉండదు. ఏదెను తోటను సేద్యపరచి కాయమని నరునికి అప్పగించిన ఆదికాండపు మాటను ఎంత వివరంగా బోధించినా, వేపచెట్టు నీడ కారుకే దక్కుతున్నంత కాలం పిల్లలు నేర్చుకునే పాఠం ఆ నీడదే. అందువల్ల ఇక్కడ చర్చి చేయగల మొదటి పని సైకిల్‌కు మర్యాద కల్పించడం. రేకుల కప్పు, చక్రం ఆనించే ఇనుప కమ్మీలు, తాళం వేయడానికి ఒక గొలుసు, గాలి కొట్టుకునే పంపు ఉంటే చాలు. మైకు సెట్టుకు అయ్యే ఖర్చులో ఇది చిన్న భాగం. వేసవిలో గేటు ముందు చలివేంద్రం పెట్టే అలవాటు ఈ జిల్లాల్లో ఎలాగూ ఉంది. ఆ కుండల పక్కనే పంపు, పంక్చర్ అతుకుల డబ్బా ఉంచితే జర్మనీ వారి దారిపక్క చర్చికి మన పద్ధతిలో రూపం వచ్చినట్టే.

వాతావరణ లెక్కలు ఎంతవరకు నిలుస్తాయో కూడా చూడాలి, ఎందుకంటే ఈ విషయంలో అతిశయోక్తి సులభం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. లీటరుకు 50 కిలోమీటర్లు నడిచే మోటారు సైకిల్ మీద మూడు కిలోమీటర్ల దూరంలోని చర్చికి వెళ్లివచ్చే కుటుంబం ఏడాదిలో 52 ఆదివారాలకు 312 కిలోమీటర్లు తిరిగి, ఆరు లీటర్ల పైచిలుకు పెట్రోలు వాడి, 14 కిలోల వాయువును వదులుతుంది. వంద కుటుంబాలు బండ్లు మాని సైకిళ్లు ఎక్కినా తగ్గేది ఒకటిన్నర టన్నుల లోపే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ప్రాంతంలో క్రైస్తవులు ఒక శాతానికి లోపే ఉన్నారన్నది కూడా కలుపుకుంటే, ఆదివారపు ప్రయాణం ఒక్కటే మారితే జిల్లా గాలిలో గుర్తించదగిన తేడా రాదని ఒప్పుకోవాలి.

అదే లెక్కను బడికి వేస్తే చిత్రం మారిపోతుంది. మూడు కిలోమీటర్ల దూరంలోని బడికి బిడ్డను దించి రావడానికి ఒకసారి, తీసుకురావడానికి మరొకసారి తండ్రి బండి తీస్తే రోజుకు 12 కిలోమీటర్లు, 220 పనిదినాలకు 2,640 కిలోమీటర్లు అవుతుంది. ఇది ఆదివారపు ప్రయాణానికి ఎనిమిది రెట్ల పైమాటే. పెట్రోలు లీటరు 110 రూపాయల లెక్కన చూసినా ఏడాదికి 5,800 రూపాయలు ఖర్చు. మిషన్ బడులు, కాన్వెంట్లు నడుపుతున్న సంఘాల చేతిలో ఆదివారపు సభికులకంటే ఎన్నో రెట్లు పెద్ద సమూహం ఉంది. అందులో అత్యధికులు ఇతర మతాల పిల్లలే. ఒక్కో ఆటోలో పరిమితికి మించి పిల్లలను కుక్కి, బ్యాగులు బయట వేలాడదీసి తీసుకువెళ్లే దృశ్యాన్ని శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా రోజూ చూడవచ్చు. పై తరగతుల పిల్లలకు సైకిల్ స్టాండు, గేటు దగ్గర పిల్లలు దాటేవరకు బండ్లను ఆపే మనిషి, ఒకే వీధి పిల్లలు పెద్దపిల్లల వెంట గుంపుగా వచ్చే ఏర్పాటు ఉంటే చర్చి ప్రభావం ఎన్నో ఇళ్లకు చేరుతుంది. చట్టం కూడా సైకిల్ పక్షానే ఉంది: గేర్లు లేని 50 సీసీ లోపు బండికి 16 ఏళ్లు, మిగతా మోటారు సైకిళ్లకు 18 ఏళ్లు నిండితే గానీ లైసెన్సు రాదు, సైకిల్‌కు ఆ గొడవే లేదు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి స్కూటీ తాళాలిచ్చి పంపే తల్లిదండ్రులకు ఈ సంగతి బడి తరఫున గట్టిగా చెప్పవలసినవారు, ఫీజులు తగ్గుతాయన్న భయంతో ఊరుకోవడం మాత్రం సరికాదు.

ఆడపిల్లల విషయంలో సైకిల్ చేసిన మేలుకు గట్టి నిదర్శనాలు ఉన్నాయి. 1990ల తొలి సంవత్సరాల్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం పల్లె స్త్రీలకు అక్షరాలతో పాటు సైకిల్ తొక్కడం కూడా నేర్పింది. బిహారులో 2006లో మొదలైన బాలికల సైకిల్ పథకం మీద ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం, ఉన్నత పాఠశాలలో చేరే బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల బాలికలకు సైకిళ్లు పంచారు. ఇక్కడ తెగని సమస్య పదో తరగతి తరువాత మొదలవుతుంది. కాలేజీకి వెళ్లే వయసులో సైకిల్ నామోషీ, పెళ్లయ్యాక అసలు వద్దు; ఆ సైకిల్ ఇంటి వెనుక తుప్పు పట్టిపోతుంది. చర్చికి వచ్చేవారిలో స్త్రీలే ఎక్కువ, చాలా సంఘాల్లో తెల్ల చీర కట్టుకుని రావడం ఆనవాయితీ. తెల్ల చీరకు చైను జిడ్డు అంటితే ఆ ఆదివారం ఆరాధన మీద మనసు నిలిచేదెలా? పైకి చిన్నగా కనిపించే ఈ విషయం దగ్గరే చాలా పిలుపులు ఆగిపోతాయి. చైను మొత్తాన్ని కప్పే రేకు, వెనుక చక్రానికి చీర వల, బైబిలు పట్టే ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ అయితే ఆ చిక్కు తీరుతుంది. స్త్రీల సమాజం తన పొదుపు డబ్బుతో అలాంటి సైకిళ్లు నాలుగు కొని వంతులవారీగా వాడుకోమన్నా, పది ప్రసంగాలు చేయలేని పని అవి చేస్తాయి. ఇళ్ల వెనుక తుప్పు పడుతున్నవాటిని యువజనులు పోగుచేసి, ఊరి సైకిల్ మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటూ బాగుచేస్తే కొత్తవి కొనవలసిన అవసరం కూడా తగ్గుతుంది.

దూరం ఎక్కువైనప్పుడు సైకిల్‌ను పట్టుకుని వేలాడటం అర్థం లేనిది. అక్కడ బస్సు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీ శక్తి’ పథకం కింద రాష్ట్రంలోని మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపి ఉచితంగా ప్రయాణిస్తున్నారు. చర్చికి వచ్చేవారిలో ఎక్కువమందికి బస్సు ఉచితమైనప్పుడు, వారు ఇంకా షేర్ ఆటోకు డబ్బు పెట్టి ఎందుకు వస్తున్నారన్నది సంఘ పెద్దలు ఆలోచించవలసిన విషయం. జవాబు తరచుగా వేళల్లోనే దొరుకుతుంది. ఆరాధన పదింటికి మొదలై, ప్రసంగం సాగి, ప్రకటనలు సాగి, ఒంటిగంట దాటాక ముగిస్తే ఆ ఊరి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో తరువాతి బస్సు కోసం ఎవరు నిలబడతారు? ఆరాధన వేళను బస్సు వేళకు సరిపెట్టి, ముగింపు గడియారం ప్రకారం పాటిస్తే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఆటోల సంఖ్య తగ్గుతుంది. ప్రసంగం నిడివిని ఆర్టీసీ టైంటేబుల్ నిర్ణయించడమా అని కొందరు పాస్టర్లు నొచ్చుకోవచ్చు. చంటిబిడ్డతో రోడ్డు పక్కన గంటసేపు నిలబడే తల్లి అభిప్రాయం కూడా అడిగితే మంచిది.

వేళ గురించిన ఆలోచన ఎండ గురించిన ఆలోచన కూడా. యూరప్‌లో కారు ఉపవాసం ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది; అక్కడ చలి విరుగుతున్న రోజులవి. ఇక్కడ శ్రమల దినాలని పిలిచే ఆ ఉపవాస దినాలు వచ్చేసరికి ఎండలు ముదురుతుంటాయి, ఈస్టరుకు ముందరి మట్టల ఆదివారం నాటికి పదింటికే రోడ్డు మీద నిలవలేని పరిస్థితి. ఆ పిలుపును పేరు మార్చి అలాగే ఇక్కడ పెడితే రెండో వారానికే చప్పబడుతుంది. ఈ తీరంలో సైకిల్‌కు అనువైన కాలం వానలు వెనుదిరిగాక నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు. అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం, క్రిస్మస్, కొత్త సంవత్సరం. క్రిస్మస్ కేరల్స్‌కు యువజనులు వ్యానుకు సౌండు పెట్టెలు కట్టి రాత్రంతా డీజిలు కాల్చే బదులు, సైకిళ్లకు నక్షత్ర దీపాలు కట్టుకుని డప్పుతో పేట పేటకూ వెళ్లడం ఈ ప్రాంతపు పండుగ స్వభావానికి బాగా నప్పుతుంది. వేసవిలో పిల్లల బైబిలు బడి, ఆరాధన రెండూ ఉదయం ఏడింటికే మొదలుపెడితే నడకకూ సైకిల్‌కూ వీలు మిగులుతుంది.

ఈ మార్పులను ఎవరు నిర్ణయించాలన్నది శాఖను బట్టి మారుతుంది. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం కాథలిక్ మేత్రాసనంలో పీఠాధిపతి (బిషప్) ఒక లేఖ రాస్తే అన్ని విచారణలకూ (స్థానిక సంఘాలకూ), వాటి బడులకూ చేరుతుంది. పోప్ విశ్వలేఖ ఆధారం కూడా చేతిలో ఉంది. బాప్టిస్టు సంప్రదాయంలో ప్రతి సంఘం స్వతంత్రం, అక్కడ సంఘ కూటంలో చర్చించి చేతులెత్తి ఒప్పుకోవాలి. ఆలస్యమవుతుంది, కానీ ఒప్పుకున్నది నిలుస్తుంది. పాస్టరే స్థాపకుడైన స్వతంత్ర ప్రార్థనా మందిరాల్లో ఆయన ఒక్కరు సైకిల్ ఎక్కితే చాలు, ఎక్కకపోతే ఎవరూ ఎక్కరు. అలాగని పాస్టర్లందరినీ మోటారు సైకిళ్లు వదలమనడం అన్యాయం. పాలకొండ, సీతంపేట వైపు కొండ ఊళ్లకు రాత్రి వేళ రోగి కోసం వెళ్లవలసిన కాపరికి బండి విలాసం కాదు. పట్టణంలో రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి గృహ ప్రార్థనకు వెళ్లేటప్పుడు మాత్రం అది తప్పనిసరి కాదు.

భద్రత మాట లేకుండా సైకిల్ మాట ఎత్తడం బాధ్యత అనిపించుకోదు. 16వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు జిల్లాల మీదుగా పోతుంది. ఊరు ఒక పక్క, చర్చి మరో పక్క ఉన్నచోట సైకిల్‌తో ఆ రోడ్డు దాటడం ప్రాణాలతో చెలగాటం. అలాంటి సంఘం ముందు చేయవలసింది సైకిల్ ప్రచారం కాదు. సర్వీసు రోడ్డు, అండర్‌పాస్, వీధి దీపాల కోసం పంచాయతీతో, గుడి కమిటీతో, బడితో కలిసి అధికారులకు అర్జీ పెట్టడం. ఈ పనిలో మతాల గీతలు ఉండవలసిన అవసరం లేదు. అరసవల్లికి నడిచి వెళ్లే భక్తుడికీ, ఆరాధనకు సైకిల్ మీద వెళ్లే విశ్వాసికీ కావలసిన రోడ్డు ఒక్కటే. సాయంత్రపు కూటాలకు వచ్చే సైకిళ్లకు వెనుక ఎర్రటి రిఫ్లెక్టరు అంటించడం యువజనుల పని కావాలి. ఉజ్జీవ సభలకు జనాన్ని ట్రాక్టరు తొట్లలో, సరుకుల ఆటోలలో ఎక్కించి పంపే అలవాటును మాత్రం సంఘాలు ఈ రోజే మానాలి. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా. యాభై మందికి ఒక ఆర్టీసీ బస్సు అద్దెకు తీసుకుంటే తలకు పడే ఖర్చు ఆటోకంటే పెద్దగా మించదు, ఇంధనం ఎంతో ఆదా అవుతుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఈ జిల్లాలకు వాతావరణ మార్పు గురించి ఏ పుస్తకమూ చెప్పలేనంత చెప్పాయి. తిత్లీ తరువాత ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, రోడ్లకు అడ్డంగా చెట్లు పడి, కరెంటు రోజుల తరబడి లేకుండా పోయింది. అలాంటి రోజుల్లో పడిపోయిన మాను ముందు కారు ఆగిపోతుంది, మోటారు సైకిల్‌ను ఎత్తి దాటించడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. సైకిల్‌ను ఒక్క మనిషి భుజానికెత్తుకుని అవతలకు దాటి, మంచినీళ్ల క్యానును క్యారియర్‌కు కట్టుకుని మళ్లీ తొక్కగలడు. తీరం వెంట సహాయ సామగ్రి నిల్వ పెట్టుకునే చర్చిలు బియ్యం బస్తాలు, టార్పాలిన్లతో పాటు గాలి నింపి, చైనుకు నూనె వేసి ఉంచిన నాలుగు సైకిళ్లను కూడా ఆ జాబితాలో చేర్చుకోవచ్చు.